క్రేటు లాగే బెల్టు ఎంత వాలుగా ఉండాలి? చిత్తూరు షెడ్డు ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

దామలచెరువులో మా బావమరిదికి మామిడి మండీ ఉంది. సీజన్లో తోతాపురి కాయ ప్లాస్టిక్ క్రేట్లకు ఎత్తి, షెడ్డు లోపలి నుంచి లారీ దాకా సిమెంటు గచ్చు మీద జరుపుతారు. ట్రాలీలు ఉన్నాయి గానీ క్రేట్ల వరసల మధ్య సందుల్లో అవి తిరగవు. అక్కడ మనుషులే వంగి తోస్తారు. నడుము నొప్పి ఆ పనిలో కూలితో పాటే వస్తుంది.

కొక్కేనికి బెల్టు కట్టిస్తే నిలబడి లాగొచ్చు కదా అన్నాడు బావమరిది. కొక్కెం చేయడం గంట పని. బెల్టు ఎంత పొడవుండాలి, క్రేటుకు ఎంత ఎత్తులో తగిలించాలి అన్నవాటికే ఎవరి దగ్గరా లెక్క లేదు. నాది చిత్తూరులో వెల్డింగ్ షెడ్డు, సామాను చేతిలోనే ఉంటుంది కాబట్టి కొలవడం మొదలుపెట్టాం. ఎవరైనా ఇదే పని చేసుకోవాలంటే పనికొచ్చేలా రాస్తున్నాను. చెడిపోయిన భాగాలే ఎక్కువ వివరంగా రాశాను, డబ్బులు పోయేది అక్కడే కాబట్టి.

సరుకు వివరం:

1. క్రేటు: పొడవు 54, వెడల్పు 36, ఎత్తు 29 సెం.మీ.
2. లోపల బరువు: పాలిథిన్ సంచుల్లో ఇసుక. కాయలు దొర్లితే బరువు ముందుకూ వెనక్కీ మారుతుంది, అందుకే కాయలు వద్దనుకున్నాం. సంచులు కదలకుండా చెక్క అడ్డం పెట్టాం.
3. మొత్తం: 24 కేజీలు.

బలాన్ని కూడా కేజీల్లోనే రాస్తాను. న్యూటన్లు కావాలంటే 9.8తో గుణించుకోండి. కోణం అన్న ప్రతిచోటా నేల నుంచి తాడు ఎంత లేచి ఉందో అదే. నేలకు సమాంతరంగా లాగితే 0 డిగ్రీలు.

దశ 1: లగేజీ కాటా, నైలాన్ తాడు (పనికిరాలేదు)

ఊరికి వెళ్లేటప్పుడు సూట్‌కేసు తూచుకునే డిజిటల్ కాటా ఒకటి కొన్నాం. దాని కొక్కెం క్రేటుకు, పిడి నైలాన్ తాడుకు. లాగుతూ అంకె చదవడం, అంతే.

ఒకే కోణంలో లాగితే ఒకసారి 8 కేజీలు చూపించింది, ఇంకోసారి 12. కారణాలు మూడు తేలాయి.

మొదటిది కాటాదే. అంకె క్షణం పాటు నిలబడిందంటే కీచుమని ఆ అంకెను పట్టేస్తుంది, తర్వాత ఏం జరిగినా మారదు. సూట్‌కేసుకు అది సౌకర్యమే. మనకు మాత్రం ఒకసారి క్రేటు కదలబోయే ముందు గుంజుడును పట్టేసింది, ఇంకోసారి కదిలాక తాడు వదులైన క్షణాన్ని పట్టేసింది. ఈ కాటాలు కొనేవాళ్లు ఆ పట్టేసే పద్ధతిని ఆపే బటన్ ఉందో లేదో ముందే చూసుకోండి. మాదాంట్లో లేదు.

రెండోది నైలాన్. అది సాగుతుంది. క్రేటు నిలబడి ఉండగా తాడు సాగి, సాగి, ఒక్కసారి క్రేటు గంతేస్తుంది. మళ్లీ ఆగుతుంది. కదలని వస్తువును కదిలించే బలం, కదులుతున్నదాన్ని నడిపించే బలం కంటే ఎక్కువ. ఆ తేడాను సాగే తాడు ఇలా కుదుపుల కింద మార్చేస్తుంది.

మూడోది మనిషి. నడుస్తుంటే చెయ్యి పైకీ కిందికీ ఆడుతుంది. మీటరు తాడుకు చెయ్యి 5 సెం.మీ. లేచినా కోణం 3 డిగ్రీలు మారుతుంది.

మేం వెతుకుతున్న తేడా మొత్తం కలిపి ఒక కేజీ ఉంటుందో ఉండదో. 4 కేజీలు అటూ ఇటూ ఊగే కొలతలో అది దొరకదు.

ఖర్చు: కాటా 380, తాడు 60. ఇప్పటిదాకా మొత్తం 440 రూపాయలు.

దశ 2: క్రేటును ఆపి, నేలను కదిలించడం

క్రేటుకూ నేలకూ మధ్య రాపిడికి ఎవరు కదులుతున్నారన్నది అక్కర్లేదు. అందుకని క్రేటును స్తంభానికి కట్టేసి, దాని కింద బండను లాగాలని తేల్చాం. అప్పుడు తాడు, కోణం, కాటా అన్నీ ఉన్నచోటే ఉంటాయి.

పాత ఇల్లు పడగొట్టిన చోట 6 అడుగులు × 2 అడుగుల కడప బండ దొరికింది. పాలిష్ లేదు, మిషన్ కోత మీద ఉంది. సుమారు 75 కేజీలు. ఉత్త బండను ఒక చివర పట్టి ఎత్తితే మధ్యలో విరుగుతుంది, కింద యాంగిల్ ఫ్రేము తప్పనిసరి.

అమరిక:

1. చదునైన గచ్చు మీద అంగుళం జీఐ పైపు ముక్కలు నాలుగు, రోలర్లుగా.
2. వాటి మీద ఫ్రేము, ఫ్రేములో బండ.
3. బండ మీద క్రేటు. క్రేటు నుంచి తీగ, షెడ్డు స్తంభానికి.
4. బండకు తాడు కట్టి ఒక మనిషి మెల్లగా, ఒకే వేగంతో వెనక్కి లాగాలి.

నైలాన్ తీసేసి బైకు క్లచ్ వైరు వేశాం. స్టీలు కాబట్టి సాగదు, ఎక్కడైనా దొరుకుతుంది, చివర గుండు ఉంటుంది కాబట్టి ముడి గొడవ లేదు. కుదుపులు ఈ ఒక్క మార్పుతోనే చాలావరకు పోయాయి.

చెడిపోయినవి: రోలర్లు కొంచెం వంకరగా పడితే బండ పక్కకు పోతుంది, క్రేటు బండ మీద ఏటవాలుగా నిలబడుతుంది. రెండు పక్కలా నేలకు యాంగిల్ పట్టీలు బిగించి దారి చేశాక కుదిరింది.

అంతకంటే ఎక్కువ సమయం తిన్నది కప్పీ. వైరును స్తంభం మీది కప్పీ మీదుగా కిందికి తిప్పి అక్కడ కాటా వేలాడదీస్తే చదవడానికి వీలుగా ఉంటుందనిపించింది. అంకెలు లెక్కకు ఎప్పుడూ కొంచెం ఎక్కువే వచ్చేవి. అనుమానం వచ్చి 5 కేజీల తూకపు రాయిని కప్పీకి అవతల వేలాడదీసి చూస్తే, రాయిని మెల్లగా పైకి లాగేటప్పుడు 5.3, మెల్లగా కిందికి వదిలేటప్పుడు 4.7. కప్పీ ఇరుసులోని రాపిడే 6 శాతం తినేస్తోంది! మేం కొలవబోయే తేడా అంతే ఉంది. కప్పీ తీసి మూలన పడేశాం. ఇలాంటి అమరికలో కాటా ఎప్పుడూ క్రేటుకూ స్తంభానికీ మధ్య నేరుగా ఉండాలి.

ఖర్చు: బండకు ఆటో బాడుగ 250, పైపు ముక్కలు 180, క్లచ్ వైర్లు 90, కప్పీ 150. ఈ దశ 670. మొత్తం 1,110.

దశ 3: కాటా మార్పు, కోణం పట్టడం

మేనల్లుడు ఈసీఈ చదువుతున్నాడు. వాడి మాట మీద 40 కేజీల దాకా బలం కొలిచే లోడ్ సెల్, దాని సంకేతాన్ని అంకెలుగా మార్చే హెచ్‌ఎక్స్711 బోర్డు, ఆ అంకెలను కంప్యూటరుకు పంపే ఆర్డుయినో నానో అనే చిన్న బోర్డు తెప్పించాం. హెచ్‌ఎక్స్711 మామూలుగా సెకనుకు 10 అంకెలు ఇస్తుంది. ల్యాప్‌టాప్‌లో గీత కనిపిస్తుంటే దశ 1లో ఏం జరిగిందో అప్పుడు కళ్లకు కట్టింది. బండ కదలబోయే ముందు గీత 11.3 దాకా లేస్తుంది, కదలగానే దిగి 9.6 దగ్గర చదునుగా సాగుతుంది. లగేజీ కాటా ఒక్కోసారి ఆ శిఖరాన్ని, ఒక్కోసారి ఈ మైదానాన్ని పట్టుకునేది.

లోడ్ సెల్ కడ్డీలా ఉంటుంది. ఒక చివర బోల్టు చేసి రెండో చివర లాగితే అది కొద్దిగా వంగుతుంది, ఆ వంగడాన్నే కొలుస్తుంది. కాబట్టి వైరు దానికి సరిగ్గా అడ్డంగా, 90 డిగ్రీల్లో ఉండాలి. కోణం మార్చినప్పుడల్లా సెల్ కూడా తిరగాలి. దానికి 6 ఎం.ఎం. ప్లేటుకు మధ్యలో ఒక బోల్టు, చుట్టూ 10 డిగ్రీలకొక రంధ్రం వేసి స్తంభానికి బిగించాం. ప్లేటును పైకీ కిందికీ జరపడానికి స్తంభానికి పొడవాటి గాడి ఉంది.

ఫోనులో కోణం చూపే యాప్‌ను వైరు మీద ఆనిస్తే ఫోను బరువుకే వైరు కిందికి వంగుతోంది. టేపు పద్ధతే నమ్మకం:

1. వైరు మీద సరిగ్గా 100 సెం.మీ. దూరంలో రెండు చోట్ల రంగు టేపు చుట్టండి.
2. రెండు గుర్తులూ బండ నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవండి.
3. ఎత్తుల తేడా 17.4 సెం.మీ. అయితే 10 డిగ్రీలు, 34.2 అయితే 20, 50 అయితే 30, 64.3 అయితే 40, 76.6 అయితే 50, 86.6 అయితే 60.

అర సెంటీమీటరు తప్పు పడినా చిన్న కోణాల్లో 0.3 డిగ్రీలే తేడా. ఆ మాత్రం చాలు.

ఇంకో జాగ్రత్త. మధ్యాహ్నం రేకుల షెడ్డు వేడికి సెల్ సున్నా మెల్లగా జరిగిపోతుంది. ప్రతి కొలతకు ముందు వైరు వదులు చేసి సున్నా సరిచేయాలి. ఉదయం పూట ఈ బెడద తక్కువ.

ఖర్చు: సెల్, బోర్డు, నానో కలిపి 1,150. మొత్తం 2,260.

దశ 4: మొదటి పట్టిక ఎందుకు చెత్తబుట్టకు పోయింది

0 నుంచి మొదలుపెట్టి వరసగా కొలుచుకుంటూ పోతే వచ్చినవి:

0 డిగ్రీలు: 10.5
10 డిగ్రీలు: 9.8
20 డిగ్రీలు: 9.3
30 డిగ్రీలు: 9.1
40 డిగ్రీలు: 9.3

చూడ్డానికి ముచ్చటగా ఉంది. కోణం పెరిగేకొద్దీ బలం తగ్గి, 30 దగ్గర అడుగుకు చేరి, మళ్లీ పెరుగుతోంది. మేనల్లుడు గ్రాఫు కూడా గీసేశాడు. అలవాటు కొద్దీ చివర్లో మళ్లీ 0 దగ్గర కొలిస్తే 9.6 వచ్చింది, 10.5 కాదు.

అంటే కోణంతో సంబంధం లేకుండానే బలం తగ్గుతూ వచ్చింది. కొత్త క్రేటు అడుగున అచ్చు గీతలు పదునుగా ఉంటాయి, బండ మీద జరిగేకొద్దీ అరిగి నున్నబడతాయి. మొదట్లో వేగంగా, తర్వాత నిలకడగా. ఆ అరుగుదలను మేం కోణం ఖాతాలో రాసుకుంటున్నాం.

మార్చినవి:

1. క్రేటును ముందుగా బండ మీద బాగా అరగదీయడం, 0 దగ్గర అంకె నిలకడగా వచ్చేదాకా.
2. ప్రతి లాగుడు తర్వాత బండను పొడి గుడ్డతో తుడవడం. ప్లాస్టిక్ పొడి, ఇసుక రేణువు ఏది పడినా అంకె మారుతుంది.
3. కోణాలను చీటీలు వేసి తీయడం. వరస ఉండకూడదు.
4. ప్రతి కోణం తర్వాత 0 దగ్గర మళ్లీ ఒకసారి. అది 9.5 – 9.7 దాటితే ఆ విడత మొత్తం వదిలేయడం.

ఇలాంటి పని ఎవరు చేసినా మూడో సంఖ్య వదలొద్దు. మిగతావి సర్దుకోవచ్చు గానీ, వరసలో కొలిచిన పట్టిక మాత్రం అందంగా అబద్ధం చెబుతుంది.

దశ 5: నమ్మదగిన పట్టిక

ప్లాస్టిక్ క్రేటు, కడప బండ, 24 కేజీలు, కదులుతున్నప్పుడు:

0 డిగ్రీలు: 9.6 కేజీలు
10 డిగ్రీలు: 9.1
20 డిగ్రీలు: 8.9
30 డిగ్రీలు: 9.0
40 డిగ్రీలు: 9.4
50 డిగ్రీలు: 10.1
60 డిగ్రీలు: 11.3

మొత్తం కష్టపడి మిగిలింది 700 గ్రాములు, అంటే 7 శాతం. షెడ్డులో అందరి ముఖాలూ కాస్త వాడిపోయాయి.

ఇలా ఎందుకు వస్తుందంటే, తాడును పైకి ఎత్తితే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. బలంలో కొంత భాగం క్రేటును పైకి ఎత్తుతుంది, దాంతో నేల మీద ఒత్తిడి తగ్గి రాపిడి తగ్గుతుంది. అదే సమయంలో ముందుకు లాగే భాగం తగ్గుతుంది. మొదట్లో లాభం ఎక్కువ, ఒక హద్దు దాటాక నష్టం ఎక్కువ. లెక్క ఇది:

బలం = మ్యూ × బరువు ÷ (కాస్ కోణం + మ్యూ × సైన్ కోణం)

మ్యూ అంటే రాపిడి గుణకం. 0 డిగ్రీల దగ్గర వచ్చిన 9.6ను 24తో భాగిస్తే 0.40, అదే మా బండకు మ్యూ. బలం అన్నిటికంటే తక్కువయ్యే కోణానికి ట్యాన్ విలువ మ్యూకు సమానం. 0.40కి అది 21.8 డిగ్రీలు. పట్టికలోని అంకెలు లెక్కతో 100 గ్రాముల లోపే కలిశాయి.

కాటా లేనివాళ్లకు దీన్ని తేల్చుకునే దారి ఇంకోటి ఉంది. బండను ఒక చివర చైన్ కప్పీతో మెల్లగా లేపాం, కింద క్రేటుకు అడ్డం పెట్టి. సుమారు 25 డిగ్రీల దగ్గర క్రేటు తనంతట తాను కదిలింది. 22 దగ్గర ఆపి చేత్తో తట్టితే ఆగకుండా ఒకే వేగంతో జారుతూ పోయింది. ఇలా ఒకే వేగంతో జారే వాలు ఎంతో, తాడు ఎత్తాల్సిన కోణమూ అంతే. లోడ్ సెల్ మీద 1,150 పెట్టకుండానే ఈ ఒక్క ముక్క తెలుసుకోవచ్చు. మీ గచ్చు ఎలా ఉంటుందో అలాంటి పలక ఒకటి దొరికితే చాలు. చిన్నదైనా సరే. 75 కేజీల బండను లేపమని ఎవరికీ చెప్పను.

బరువు సంగతి కూడా చూశాం. రెండు క్రేట్లు ఒకదాని మీద ఒకటి, 48 కేజీలు. 20 డిగ్రీల దగ్గర 17.9. బలం రెట్టింపు, కోణం అదే. రాపిడి బరువును బట్టి పెరుగుతుందని, ఆనే వైశాల్యాన్ని బట్టి కాదని ఫ్రాన్సులో అమోంటన్ 1699లోనే చెప్పాడు. మా బండ మీద కూడా ఆయన మాట చెల్లింది.

దశ 6: గోనెపట్టా కట్టి చూస్తే

క్రేటు అడుగుకు గోనెపట్టా కట్టాం, రాపిడి ఎక్కువైతే ఏమవుతుందో చూడ్డానికి. మ్యూ 0.62కు పెరిగింది.

0 డిగ్రీలు: 14.9
20 డిగ్రీలు: 12.9
30 డిగ్రీలు: 12.6
40 డిగ్రీలు: 12.8
60 డిగ్రీలు: 14.4

ఇక్కడ మంచి కోణం 32 డిగ్రీల దగ్గరికి జరిగింది, మిగులు 15 శాతం. గరుకు పెరిగేకొద్దీ తాడు ఎక్కువ ఎత్తాలి, ఎత్తినందుకు దక్కేదీ ఎక్కువ. అదే చక్రాల ట్రాలీ అయితే దాదాపు నేలకు సమాంతరంగానే లాగాలి, ఎత్తితే ఒరిగేదేమీ లేదు.

ఇంకో మంచి సంగతి ఈ పట్టికల్లోనే ఉంది. అడుగు దగ్గర గీత చాలా చదును. సరైన కోణానికి 10 డిగ్రీలు అటూ ఇటూ అయితే 1.5 శాతం నష్టం. 20 డిగ్రీలు తప్పినా 6 శాతమే. 30 తప్పితే 15. కాబట్టి బెల్టు పొడవు మీద సెంటీమీటరు సెంటీమీటరుకు కొట్లాడాల్సిన పని లేదు.

ఈ దశకు ఖర్చు లేదు. గోనె మండీదే.

దశ 7: తోయడం కొలిచాక కథ మారింది

7 శాతం కోసం ఇంత తతంగమా అని ఆపేద్దామనుకుంటుండగా, మండీలో అసలు లాగేవాళ్లు తక్కువ, తోసేవాళ్లే ఎక్కువ కదా అన్నాడు మేనల్లుడు. 29 సెంటీమీటర్ల ఎత్తున్న క్రేటును వంగి తోస్తే చేతులు కిందివైపుకు నెడతాయి.

ఇంటర్ ఫస్టియర్ ఫిజిక్స్ చదివినవాళ్లకు లాన్ రోలర్ ప్రశ్న గుర్తుండే ఉంటుంది, తోయడం కంటే లాగడం ఎందుకు తేలిక అని. జవాబు బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం. ఎంత తేలిక అన్నది మాత్రం ఎవరూ అడగలేదు.

వైరు తీసి, దాని బదులు క్రేటుకూ సెల్‌కూ మధ్య పైపు ముక్క దూలంలా పెట్టాం. బండను ఈసారి ఎదురువైపుకు లాగాలి. లోడ్ సెల్ రెండువైపులా వంగుతుంది కాబట్టి అదే పనికొచ్చింది, అంకె ముందు మైనస్ వస్తుంది అంతే. పైపు రెండు చివరలూ జారిపోకుండా నట్లు వెల్డు చేసి గుంటల్లా వాడాం. మొదట అవి లేకుండా పెడితే పైపు ఎగిరి పక్కనున్న డ్రమ్ముకు తగిలింది. ఇది చేసేవాళ్లు పైపుకు ఎదురుగా నిలబడొద్దు.

కిందివైపుకు తోస్తే, గోనె లేని క్రేటుకు:

0 డిగ్రీలు: 9.6
15 డిగ్రీలు: 11.1
30 డిగ్రీలు: 14.5
45 డిగ్రీలు: 22.8

అదే 30 డిగ్రీలు, పైకి లాగితే 9, కిందికి తోస్తే 14.5. ఇక్కడుంది అసలు తేడా. తోసే బలంలో కొంత క్రేటును నేలకేసి నొక్కుతుంది, ఆ నొక్కుడుకు రాపిడి పెరుగుతుంది, పెరిగిన రాపిడికి ఇంకా తోయాలి. లెక్క ప్రకారం 68 డిగ్రీల దగ్గర ఎంత బలవంతుడు తోసినా క్రేటు కదలదు. 60కి వెళ్లలేదు, లెక్కలో 62 కేజీలు వస్తోంది, మా సెల్ 40కే.

మండీలో ఒకరిద్దరు తోస్తుండగా పక్కనుంచి ఫోటో తీసి, భుజం నుంచి అరచేతికి గీత గీస్తే సుమారు 35 డిగ్రీలు వచ్చింది. బలం సరిగ్గా చెయ్యి గీత మీదే పోతుందని చెప్పలేం, మణికట్టు తిప్పి కొంత ముందుకు మళ్లించవచ్చు. అందుకే ఆ ఫోటో అంకెను పట్టికలో చేర్చలేదు. అయినా కిందికే తోస్తున్నారన్నదానికి అనుమానం లేదు.

ఇక్కడి నుంచి ప్రాజెక్టు లక్ష్యం మార్చాం. 22 డిగ్రీలా 25 డిగ్రీలా అన్నది పక్కన పెట్టి, తోసేవాళ్ల చేత లాగించడం మీద పడ్డాం.

దశ 8: కొక్కెం ఎక్కడ తగిలించాలి

క్రేటు పై అంచుకు తగిలిస్తే చేతికి దగ్గర, వంగక్కర్లేదు. కానీ పైన పట్టి లాగినప్పుడు బరువు ముందు అంచు మీదికి వచ్చేస్తుంది. బండ మీద బాగానే జరిగిన క్రేటు, మా షెడ్డు గచ్చు మీద రెండు పలకల మధ్య అతుకు రాగానే ముక్కు దించి ఆగిపోయింది. మరీ కిందికి తగిలిస్తే ముందు భాగం తేలిపోయి వెనక అంచు గీసుకుంటుంది.

లెక్క తేలికే. బెల్టు గీతను వెనక్కి క్రేటు లోపలికి పొడిగించినట్టు ఊహించుకోండి. అది క్రేటు అడుగు మధ్యలో నేలను తాకితే ఒత్తిడి అడుగంతా సమానంగా పడుతుంది. మా క్రేటులో సగం పొడవు 27 సెం.మీ. దాన్ని మ్యూ 0.40తో గుణిస్తే 10.8. నేల నుంచి 11 సెం.మీ. ఎత్తున తగిలించాలి. అదృష్టం బాగుండి కింది వరస గాలి రంధ్రాలు అక్కడే ఉన్నాయి.

బెల్టు పొడవు: నిలబడి చెయ్యి వేలాడదీస్తే పిడికిలి ఎత్తు సుమారు 75 సెం.మీ. అందులోంచి 11 తీస్తే 64.

1. 1.1 మీటర్ల బెల్టు: దాదాపు 35 డిగ్రీలు. క్రేటు మడమలకు కొట్టుకుంటుంది.
2. 1.5 మీటర్లు: 25 డిగ్రీలు. ఇదే ఖాయం చేశాం.
3. 2.5 మీటర్లు: 15 డిగ్రీలు. బలంలో నష్టం ఒక శాతం కూడా లేదు, కానీ సందుల్లో తిరగదు.

బలం లెక్కలో మూడూ ఒకటే. మడమలు, సందులే పొడవును నిర్ణయించాయి.

బెల్టుకు పాత కారు సీటు బెల్టు, పిడికి పీవీసీ పైపు ముక్క. కొక్కేనికి మొదట 8 ఎం.ఎం. కడ్డీ వంచాం. గుండ్రటి కడ్డీ అంతా ఒకేచోట ఒత్తడంతో రంధ్రం పైపట్టీ తెల్లబడి చీలిక మొదలైంది. 25 ఎం.ఎం. ఫ్లాటు పట్టీతో చేశాక ఆ బాధ పోయింది. అంచులు గ్రైండింగ్ చేసి నున్నగా చేయడం మర్చిపోవద్దు.

ఖర్చు: ఫ్లాటు పట్టీ, సీటు బెల్టు, పైపు 210. మొత్తం 2,470 రూపాయలు. వెల్డింగ్ రాడ్లు లెక్కేయలేదు.

దశ 9: దామలచెరువు గచ్చు మీద

అక్కడి సిమెంటు గచ్చు బండ కంటే కొంచెం గరుకు. లోడ్ సెల్‌ను బెల్టు మధ్యలో పెట్టే వీలు లేదు కాబట్టి మళ్లీ లగేజీ కాటాకే వచ్చాం. ఈసారి క్లచ్ వైరుతో, మెల్లగా, అంకెను ఫోనులో వీడియో తీసి, కాటా పట్టేసిన అంకెలు వదిలేసి. సమాంతరంగా సుమారు 10.3, బెల్టు కోణంలో 9.5. మ్యూ 0.43 అనుకుంటే లెక్కకు సరిపోతుంది.

లాగేవాళ్లు చెప్పిన లాభం ఇంకోటి ఉంది, మేం ముందు ఆలోచించనిది. కాయ నలిగిన చోట గచ్చు జారుతుంది. బెల్టు వాలుగా ఉంటే క్రేటును పైకి ఎత్తినంత బరువు లాగేవాడి కాళ్ల మీద పడుతుంది, మా లెక్కలో 4 కేజీలు. అడుగు కాస్త గట్టిగా ఆనుతుంది. తోసేవాడికి దీనికి తలకిందులు, క్రేటు బరువెక్కుతుంది, కాళ్లు తేలికవుతాయి.

కోణాల గురించి నేను చెబుతుంటే ఒక హమాలీ విని విని, "డిగ్రీలు యాడన్నా ఉండనీ అన్నా, ఆ కొక్కెం ఊడిపోకుండా సూడు" అన్నాడు. నిజమే. బెల్టు వదులైన ప్రతిసారీ కొక్కెం రంధ్రంలోంచి జారి పడిపోతోంది, మళ్లీ వంగి తగిలించాలి. వంగకుండా ఉండాలనే కదా ఇదంతా. కొక్కెం కొసను 15 ఎం.ఎం. లోపలికి మడిచి నాలుకలా చేశాక వదులైనా వేలాడుతూ ఉంటోంది. విప్పాలంటే బెల్టును కొంచెం పైకి ఎత్తి తిప్పాలి, అది నిలబడే చేయొచ్చు.

దశ 10: లారీ పలక

లారీలోకి ఎక్కించే చెక్క పలక వాలు 12 డిగ్రీలు. వాలు మీద బలం ఎక్కువ కావాలి గానీ మంచి కోణం మారదు, కోణాన్ని నేల నుంచి కాకుండా పలక నుంచి కొలుచుకోవాలి, అంతే. పలక రాపిడి బండంతే అనుకుంటే, పలకకు సమాంతరంగా లాగితే 14.4 కేజీలు, 22 డిగ్రీలు ఎత్తి లాగితే 13.4 రావాలి. కొలిస్తే 14.8, 13.8 వచ్చాయి. చెక్క బండ కంటే ఓ పిసరు గరుకన్నమాట. లాగేవాడు కూడా పలక మీదే నిలబడతాడు కాబట్టి 1.5 మీటర్ల బెల్టే సరిపోతుంది. రెండు క్రేట్లు పేర్చి పలక ఎక్కించడం మాత్రం ఒక్కడి పని కాదు, 27 కేజీలు దాటుతుంది. దానికి రెండు పిడుల బెల్టు ఒకటి కుడుతున్నాం.